ఎనిమిది చేపలు, క్షేమం

“…పచ్చసొన వాటికి, తెల్లసొన నాకు. ముప్పై ఏళ్ళ కాపురంలో నాకు దక్కింది ఇదన్నమాట.”

“తెల్లసొనే ఒంటికి మంచిదట కదే.”

“అంత మంచిదైతే దాన్ని కూడా మీ చేపలకే పెట్టుకోండి. ముందు ఇది చూడండి. ఈ దిండు గలీబు కొన్నప్పుడు ఏ రంగు?”

“తెలుపు.”

“ఇప్పుడు?”

మెల్లగా, “తెలుపే. కొంచెం సిగ్గుపడ్డట్టుంది.”

ఏదో విసిరిన చప్పుడయింది. మెత్తటి చప్పుడే. దిండు గలీబే అయ్యుంటుంది.

నేను గోడకి చెవి ఆనించి వినలేదు, ఆ అవసరం లేదు. వాళ్ళ గదికీ నా గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, గోడ అని పేరు పెట్టుకున్న చెక్క. అవతల బాబాయి ఆవలిస్తే ఇవతల నాకు నిద్రొస్తుంది. చుట్టరికం ఏమీ లేదు, ఇంటి ఓనర్లు. కాలేజీ ఎందుకు మానేశావని అడక్కుండా గది అద్దెకిచ్చినవాళ్ళు ఊరు మొత్తానికి వీళ్ళిద్దరే. ఆ ఒక్క కారణానికి నేను వాళ్ళని బాబాయి, పిన్ని అని పిలుస్తాను. సొంత బాబాయిని అలా పిలిచి చాలా కాలమైంది.

ఈ బాబాయి బట్టలకి రంగులద్దే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఉద్యోగం పేరు ‘జలజీవ పర్యవేక్షకుడు’. పేరు విని పడవేసుకుని సముద్రం మీద తిరిగే మనిషనుకునేరు. ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు, షెడ్డులో బల్ల, బల్ల మీద గాజు తొట్టి, తొట్టిలో ఎనిమిది చేపలు. వాటిని చూస్తూ కుర్చీలో కూర్చోవాలి. పనంతా అదే. అంతకుముందు ఇరవయ్యేళ్ళు రంగు కాగుల దగ్గర ఆవిరి పీల్చాడు. ఊపిరి పిల్లికూతలు కుయ్యడం మొదలుపెట్టాక, ఇంటికి పంపడానికి మొహమాటపడి, ఆఫీసువాళ్ళు ఈ కుర్చీ చూపించారు.

కుర్చీ ఉత్తినే పుట్టలేదు. పైవాళ్ళు ఒక నిబంధన పెట్టారు. బట్టలు ముంచి వాడేసిన రంగునీళ్ళు ముందు శుద్ధి గదికి పోవాలి. అక్కడ సున్నం కలపాలి, రెండు మోటార్లతో గాలి కొట్టాలి, మడ్డి అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళనే తూములోంచి కాలవలోకి వదలాలి. అలా వదిలే నీళ్ళలోంచి చిటికెనవేలంత ధార ఎప్పుడూ ఈ గాజు తొట్టిలోంచి పారుతుండాలి. చేప బతికితే నీళ్ళు కాలవకి పోవచ్చు. చేప చస్తే పర్యవేక్షకుడు గంట కొట్టాలి. గంట వినగానే శుద్ధి గది ఆపరేటరు పరుగెత్తుకొచ్చి తూము మూసెయ్యాలి.

ఇంత తెలివైన ఏర్పాటు మనుషులు చేశారంటే నమ్మబుద్ధి కాదు. కాయితం అబద్ధమాడుతుంది, మీటరు అబద్ధమాడుతుంది, ఆఫీసరు సంగతి సరేసరి. చచ్చిన చేపకి మాత్రం ఆ విద్య రాదు. లోపమల్లా ఒక్కటే. దాని పక్కన ఒక మంచి మనిషిని కూర్చోబెట్టారు.

ఆ దిండు గలీబు గొడవ రోజున బాబాయి అలిగి, భోజనం డబ్బా వదిలేసి పనికి పోయాడు. పిన్ని డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. “ఖాళీగానే ఉన్నావుగా” అంది. నేను ఖాళీగా లేను, ఆలోచిస్తున్నాను. కానీ ఆలోచన పనికింద లెక్కకి రాదని మా నాన్న ఎప్పుడో తేల్చేశాడు కాబట్టి వాదించకుండా బయల్దేరాను.

ఫ్యాక్టరీకి దారి కాలవగట్టు మీదుగానే. ‘మేము ఈ వీధికి వచ్చిన కొత్తల్లో’ అని చెప్పేంత పాతవాణ్ణి కాను గానీ, వీధివాళ్ళు చెప్పగా విన్నాను. ఇదివరకు ఈ కాలవలో కప్పలుండేవట. వానకి వాటి గోల భరించలేక కిటికీలు మూసుకునేవాళ్ళట. ఇప్పుడా బాధ లేదు, కాలవ చాలా మర్యాదగా, నోరు మూసుకుని పారుతోంది. కప్పలు పోయాక దోమలు వచ్చాయి, పెరగడానికి అడ్డేముంది. దోమలొచ్చాక మందు కొట్టే బండి వచ్చింది. ఆ మందుకి దోమలు తప్ప తక్కిన పురుగులన్నీ చచ్చాయి. పురుగుల కోసం వచ్చే పిట్టలు వేరే వీధి చూసుకున్నాయి. కొంగలు అంతకుముందే వెళ్ళిపోయాయి, వాటికి ముందుచూపు ఎక్కువ. ఒకదాన్ని తిని ఒకటి బతుకుతుందని బడిలో బొమ్మ గీయించారే, గడ్డి, మిడత, కప్ప, పాము అని, ఆ బొమ్మలో మా వీధి వరకు ఇప్పుడు మిగిలినవి రెండే. ఒక కొసన దోమ, ఇంకో కొసన మందుల షాపతను. అతను మాత్రం బాగానే ఒళ్ళు చేశాడు.

పిన్ని బట్టలుతికే బోరు ఈ కాలవకి పన్నెండు అడుగుల దూరం. నేనే కొలిచాను.

షెడ్డులోకి అడుగుపెడితే వేరే లోకం. తొట్టిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చేపలు నిగనిగలాడుతున్నాయి. గోడకి ఒక షీల్డు తగిలించి ఉంది, ‘పర్యావరణ మిత్ర’ అని. దాని కింద రిజిస్టరు. తెరిచి చూశాను. ప్రతి పేజీలో ప్రతి గీత మీదా ఒకటే మాట, గుండ్రటి అక్షరాలతో: “ఎనిమిది చేపలు, క్షేమం.” చుట్టాలకి రాసే ఉత్తరంలా ఉంది. ఆరేళ్ళ ఉత్తరాలు.

బాబాయి చేపల్ని పరిచయం చేశాడు. ఎప్పుడూ నోరు తెరుచుకుని ఉండేది ‘అత్తగారు’. రాయి వెనక దాక్కునేది ‘గుమస్తా’. ఒక రెక్క చిరిగింది ‘కుంటిది’. పచ్చసొన వేయగానే అందరినీ తోసుకుని వచ్చేదానికి తన బావమరిది పేరు పెట్టాడు. ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన బతికే ఉన్నాడు.

కుర్చీ వెనక్కి జరిపి కూర్చోబోతే కాలికి ఏదో తగిలింది. గోనెపట్టా. పట్టా కింద రబ్బరు గొట్టం. గొట్టం వెంట చూపు పోనిస్తే షెడ్డు వెనక, ఇటుకల మీద ఒక నీలం డ్రమ్ము. రెండో కొస తిన్నగా తొట్టిలోకి దిగి ఉంది. రంగునీళ్ళు రావలసిన గొట్టానికి బిరడా కొట్టి ఉంది.

బాబాయి నా దగ్గర ఏమీ దాచలేదు. అది తప్పని ఆయనకి తోచలేదు మరి. సంతోషంగా చెప్పుకొచ్చాడు. మొదట్లో నెలకి రెండో మూడో చచ్చేవట. ఆయన గంట కొట్టేవాడట. ఆపరేటరు తిట్టుకుంటూ వచ్చి తూము మూసేవాడట. తూము మూస్తే కాగులు ఆగేవి, కాగులు ఆగితే మేనేజరు గెంతేవాడు. ఇంత గోలలో చచ్చిన చేప గురించి ఒక్కడూ అయ్యో అనేవాడు కాదట. ఈయనకి ఇంటికొస్తే ముద్ద దిగేది కాదు. ఒకరోజు ‘అత్తగారు’ పోయిందని ఇంట్లో చెప్పి కళ్ళు తుడుచుకుంటే, “మా అమ్మ ఇంకెన్నిసార్లు పోతుందండీ” అని పిన్ని కసిరిందట. ఇది రెండో అత్తగారు.

ఆ వారమే డ్రమ్ము తెచ్చాడు. మంచినీళ్ళ కుళాయి కింద నింపి, ఒక రోజు నిలవబెట్టి, మందు వాసన పోయాక తొట్టిలోకి వదులుతాడు. పని పెరిగింది కానీ ప్రాణం హాయిగా ఉంది. ఆరేళ్ళుగా ఒక్క చావు లేదు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరికీ చెప్పలేదు. జాలి, అంతే.

ఆఫీసువాళ్ళకేం తెలుసు. ఏడాది పాటు గంట మోగకపోయేసరికి శుద్ధి గది అద్భుతంగా పనిచేస్తోందనుకున్నారు. అంత బాగా పనిచేస్తుంటే రెండు మోటార్లెందుకని ఒకటి ఆపారు. చేపలు నవనవలాడుతూనే ఉన్నాయి. సున్నం సగం చేశారు. చేపలు ఇంకాస్త ఒళ్ళు చేశాయి. రెండో మోటారూ ఆపారు. చివరికి ఆపరేటర్ని ప్యాకింగులోకి పంపి మూటలు కట్టించారు. చేపలు దీన్ని కూడా తట్టుకున్నాయి. అప్పుడొచ్చింది షీల్డు. బడిపిల్లల్ని వరసలో తీసుకొచ్చి చూపించేవారట, ‘చూశారా పిల్లలూ, ప్రకృతి అబద్ధం చెప్పదు’ అని. బాబాయి గోనెపట్టా మీద కాలేసుకుని, నమస్కారం పెట్టి నిలబడేవాడట.

నాకు మాటలు చుట్టూ తిప్పి చెప్పడం రాదు.

“అయితే బాబాయ్, కాలవలోకి పోయే నీళ్ళెలా ఉన్నాయో చూసేవాళ్ళెవరు?”

“ఆపరేటరున్నాడుగా.”

“అతను మూటలు కడుతున్నాడని ఇప్పుడేగా అన్నావ్.”

ఆయన డబ్బా మూత తీయబోయి ఆగాడు.

“పిన్ని దిండు గలీబు మీదున్న రంగు మీ ఫ్యాక్టరీలో లేదా?” అన్నాను. “ఎనిమిది చేపల్ని బతికించి, కాలవని మొత్తం చంపావు బాబాయ్.”

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. డబ్బా మాత్రం నేనే మోశాను. ఆయన మర్చిపోవడం ఆపలేదు, పిన్ని నా చేతిలో పెట్టడం ఆపలేదు.

ఐదో రోజు సాయంత్రం బాబాయి సంచిలోంచి ఒక సీసా తీశాడు. తూము దగ్గర పట్టిన నీళ్ళు. పెరట్లో బేసిన్‌లో పోసి, తన తెల్ల చేతిరుమాలు అందులో ముంచి, పైన రాయి పెట్టాడు. పొద్దున్నే పిండి, దండెం మీద పిన్ని దిండు గలీబు పక్కన ఆరేశాడు. ఎండెక్కేసరికి రెండూ తోడబుట్టినవాళ్ళలా ఉన్నాయి. అదే సిగ్గు, అదే గులాబీ.

పిన్ని చీపురు పట్టుకుని వచ్చి చూసింది.

“ఇది మీ దగ్గర్నుంచేనా?”

“ఊఁ.”

“ఎన్నాళ్ళుగా?”

“ఆరేళ్ళు.”

నేను నా గుమ్మంలో నిలబడి గొడవ కోసం ఎదురుచూశాను. రాలేదు. పిన్ని అరిస్తే ఫరవాలేదు, అరవకపోతేనే భయం. చీపురు గోడకి ఆనించి, బోరు కొట్టి, గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. “తాగండి” అంది. ఆయన గ్లాసు వంక చూశాడు. చెయ్యి కదల్లేదు. “నేను ఆరేళ్ళుగా వీటితోనే వండుతున్నా” అని, గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాడు.

మధ్యాహ్నం నేను డబ్బాతో వెళ్ళేసరికి గొట్టం చుట్టచుట్టి నేలమీద ఉంది. బిరడా పీకేసి ఉంది. తొట్టిలో నీళ్ళు పిన్ని దిండు గలీబు రంగులో ఉన్నాయి. ఐదు చేపలు పొట్ట పైకి తిరిగి తేలుతున్నాయి. అత్తగారు నోరు మూసుకుంది. బాబాయి కుర్చీలో కూర్చోకుండా దాని పక్కన నేలమీద కూర్చున్నాడు. రిజిస్టరు ఒళ్ళో ఉంది. ఆ రోజు గీత మీద మొదటిసారి వేరే మాట: “మూడు. తక్కినవి నేను చూస్తుండగా పోయాయి.”

“గంట కొట్టావా?” అన్నాను.

కొట్టడానికి గంట లేదు. గోడకి మేకు ఉంది, మేకు చుట్టూ గుండ్రటి మరక ఉంది. మోగని గంట ఇక్కడెందుకని నాలుగేళ్ళ కిందటే తీసుకెళ్ళి క్యాంటీన్‌లో తగిలించారట, టీ వేళకి కొట్టడానికి.

బాబాయి లేచాడు. ఐదు చేపల్నీ నా చేతిలోని డబ్బా మూతలో పెట్టాడు. క్యాంటీన్ దాకా నడిచి, తాడు పట్టుకుని, ఊపిరాడనంతగా గంట కొట్టాడు. ఈ దేశంలోనైనా ఏ దేశంలోనైనా ప్రమాద ఘంటికకి జనం ఇంత తొందరగా స్పందించి ఉండరు. రెండు నిమిషాల్లో అరవై మంది గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. టీ లేదు. మూతలో చచ్చిన చేపలున్నాయి.

మేనేజరు కూడా వచ్చాడు, ఇంకా వేళ కాలేదే అనుకుంటూ. ముందు చేపలకి జబ్బు చేసిందన్నాడు. కొంచెం గట్టి రకం కొనమన్నాడు. అప్పుడు బాబాయి అందరి ముందూ చెప్పాడు, డ్రమ్ము, గొట్టం, గోనెపట్టా, ఆరేళ్ళు. చెప్తున్నంతసేపూ పిల్లికూతలు వినిపిస్తూనే ఉన్నాయి. రుమాలు తీసి చూపించాడు. వరసలో చాలామంది తమ చొక్కాల కాలర్లు చూసుకున్నారు. వాళ్ళలో సగం మందిది మా వీధే.

మేనేజరు కోప్పడతాడనుకున్నాను. ఆయన మొహంలో కనిపించింది మెచ్చుకోలు.

“ఇంత మంచి ఉపాయం ఇన్నాళ్ళూ చెప్పలేదేమిటయ్యా. వెంటనే మళ్ళీ పెట్టించు. రబ్బరుది వద్దు, చూడ్డానికి బాగోదు. ఇనుప గొట్టం వేయిద్దాం.”

“నా చేత్తో పెట్టనండి.”

“నీ చెయ్యెందుకు, ప్లంబరున్నాడుగా.”

వరసలో చివరున్న మనిషి గ్లాసు గట్టు మీద పెట్టాడు. మూటలు కట్టే మనిషి, అంటే పాత ఆపరేటరు. అతను తిన్నగా తూము దగ్గరికి నడిచి చక్రం తిప్పి మూసేశాడు. తర్వాత శుద్ధి గది తలుపు తోసి, మోటార్ల మీది బూజు దులపడం మొదలుపెట్టాడు. నాలుగేళ్ళ మూటల కసి అది, నీతి అని పొగిడితే అతనే ఒప్పుకోడు. మేనేజరు అతన్నీ చూశాడు, అరవై ఖాళీ గ్లాసుల్నీ చూశాడు. ఆపమనలేదు. ఇలాంటి వేళల్లో మనుషుల మనసు మారదు, లెక్క మారుతుంది.

కాగులు రెండు రోజులు ఆగాయి. సున్నం బస్తాలు దిగాయి. మోటార్లు మోగుతున్నాయి. గంట షెడ్డుకి తిరిగొచ్చింది, టీ వేళకి ఇప్పుడు పళ్ళెం కొడుతున్నారు. మిగిలిన మూడు చేపలకి కొత్తవి ఐదు కలిపారు. షీల్డు అలాగే ఉంది, దానికి కళ్ళు లేవు కదా. కాలవ బాగుపడిందని రాస్తే మీరు సంతోషిస్తారని తెలుసు. పడలేదు. ఆరేళ్ళ మడ్డి ఆరు రోజుల్లో పోదు. కప్పలకి కబురు పంపితే వచ్చేవి కావు. పిన్ని వంటకి నీళ్ళు వీధి చివరి కుళాయి నుంచి మోస్తోంది. మోస్తోంది నేనే, చెప్పేది ఆవిడ.

ఇంతలో చెక్క గోడ అవతల కొత్త గొడవ. ఈసారి రబ్బరు గొట్టం గురించి. బాబాయి దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి మంచం కింద దాచాడు. పిన్ని చెత్తలో పారేస్తే వెళ్ళి తెచ్చుకున్నాడు. మళ్ళీ పారేస్తే మళ్ళీ తెచ్చుకున్నాడు. మూడోసారి పిన్ని కోసి ముక్కలు చేసి, “ఇప్పుడు తెచ్చుకోండి” అంది. ఆయన ముక్కలు తెచ్చుకున్నాడు.

నిన్న సాయంత్రం వచ్చి నా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కాసేపు ఊపిరి సర్దుకున్నాడు. కొత్త చేపల్లో ఒకటి ఈదలేక ఒరుగుతోందట. పేరు పెట్టకూడదని ఒట్టు పెట్టుకుని మూడు రోజులు ఆగాడట, నాలుగో రోజు పెట్టేశాడట. గొట్టం ముక్కల్ని టేపుతో అతికిస్తే పనికొస్తాయా అని మధ్యాహ్నం ఆలోచిస్తూ తనని తానే పట్టుకున్నాడట. అందుకే మేనేజర్ని కలిసి కుర్చీ వద్దన్నాడు. మేనేజరు చాలా సంతోషించాడు. సోమవారంలోగా నువ్వే ఎవరినైనా చూపించు, లేదా మా బావమరిదిని కూర్చోబెడతా అన్నాడు. ఆ బావమరిదే ఫ్యాక్టరీ ప్లంబరు.

“నీకు చేపలంటే ఇష్టమా?” అని అడిగాడు బాబాయి.

“తినడానికా?”

“చూడ్డానికి.”

“చూసేదేముంది. వాటికి రెప్పలు కూడా లేవు. అలా గుడ్లప్పగించి చూస్తుంటే చిరాకు.”

ఆయన మొహం వెలిగింది. నన్ను చూసి ఇంటివాళ్ళు, మేష్టర్లు ఎవరూ ఎప్పుడూ అంత సంబరపడలేదు.

“నాకు తెలుసు, నీకు జాలి లేదు. అదే కావాలి. సోమవారం నుంచి ఆ కుర్చీలో నువ్వు కూర్చోరా. పేర్లు పెట్టకు. పచ్చసొన వెయ్యకు. ఒకటి పోతే గంట కొట్టు, రెండు పోతే ఇంకా గట్టిగా కొట్టు.” లేచి రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. “ఎప్పుడైనా ఒకసారి చూసి పోతానని నేనే గేటు దగ్గరికొస్తే, ముందు నా సంచి వెతికించు. గొట్టం లేకపోతేనే లోపలికి రానియ్యి.”